వాడు వచ్చాడా, అది వచ్చిందా?

ప్రతి సంవత్సరమూ నవంబరు నెలలో ఒక ఛాయాచిత్రం ఎవరో ఒకరి ద్వారా నన్ను చేరుతూ ఉంటుంది. పూలతో కప్పిన ఒక శునకం, దాని ముందు వంగి పుష్పగుచ్ఛం ఉంచుతున్న ఒక పోలీసు అధికారి. ముంబై పోలీసుల బాంబు నిర్వీర్య దళంలో పనిచేసిన జంజీర్ అనే లాబ్రడార్ కుక్కది ఆ చిత్రం. 2000 నవంబరు 16న అది మరణించింది. ఆ చిత్రాన్ని పంపే మిత్రులు దాని కింద తప్పకుండా ఒక వాక్యం చేరుస్తారు, “ఈ విశ్వాసం మనుషుల్లో ఏదీ?” అని. ఆ ప్రశ్న నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పాలనే ఈ టపా.

ముందుగా జంజీర్ సంగతి. 1993 మార్చి 12న బొంబాయిలో వరుసగా బాంబులు పేలి 257 మంది మరణించిన సంగతి నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఆ తరువాతి రోజులలో నగరంలో ఇంకా పేలకుండా మిగిలిన సరుకును వాసన పట్టి చూపించిన కుక్కలలో ఇది ముఖ్యమైనది. తన ఉద్యోగకాలంలో అది పట్టించిన వాటి లెక్క పత్రికలలో వచ్చింది: 3,329 కిలోల ఆర్‌డీఎక్స్, 600 డిటోనేటర్లు, 249 చేతిబాంబులు, 6,406 తూటాలు. ఎముకల క్యాన్సరుతో ఎనిమిదేళ్ళ వయసులో పోయింది. జంజీర్ అంటే సంకెల. పేరు పెట్టినవారు ఏమనుకుని పెట్టారో గాని, ఒక సంకెలకు అధికారి వంగి నమస్కరించిన దృశ్యం అది.

అయితే జంజీర్ పదవీ విరమణ చేయలేదు. ముసలిదై, కాళ్ళు లాగి, పనికిరాదని పక్కన పెట్టిన తరువాత నాలుగేళ్ళు బ్రతికి ఉంటే ఆ పువ్వులు దొరికేవా అన్నది నా సందేహం. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారిని గౌరవించడం సులభం. పని ముగిసిన తరువాత కూడా బ్రతికి, తింటూ, జబ్బుపడుతూ ఉండేవారిని గౌరవించడం కష్టం. ఈ మాట పింఛను కార్యాలయపు మెట్లెక్కిన ఉపాధ్యాయుడిగా అంటున్నాను.

అందుకే నాకు జంజీర్ కంటే సీజర్ కథ ఎక్కువ ఇష్టం. అదీ ముంబై దళంలోని లాబ్రడారే. 2008 నవంబరు 26 రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినస్ స్టేషనులో ఉగ్రవాదులు కాల్పులు జరిపి వెళ్ళిన తరువాత, వారు వదిలిన చేతిబాంబులను వెతికి పట్టించినది అది. తరువాత నారిమన్ హౌస్‌లోనూ పనిచేసింది. మాక్స్, సుల్తాన్, టైగర్ అనే మరి మూడు కుక్కలు ఆ రోజులలోనే అదే పనిలో ఉన్నాయి. ఈ నాలుగూ పదవీ విరమణ తరువాత ఎక్కడికి వెళ్ళాయో తెలుసునా? ముంబైకి ఉత్తరాన విరార్‌లో జంతుప్రేమికురాలైన ఒక మహిళ తన తోటలో వాటికి చోటిచ్చింది. నాలుగూ కలిసి అక్కడే ముసలివయ్యాయి. 2016 ఏప్రిల్‌లో మాక్స్, జూన్‌లో సుల్తాన్, జులైలో టైగర్ పోయాయి. చివరికి సీజర్ ఒక్కటే మిగిలింది. టైగర్ పోయిన తరువాత అది దిగులు పడిందని ఆనాటి పత్రికలు రాశాయి. అక్టోబరు 13న అదీ పోయింది. పదకొండేళ్ళు.

ఆ నాలుగు జీవాల చివరి రోజులు ఒక దయగల మనిషి ఉండబట్టి సవ్యంగా గడిచాయి. ఆమె లేకపోతే? ప్రభుత్వ సేవకుల వృద్ధాప్యం ఒక వ్యక్తి దయ మీద ఆధారపడవచ్చునా? నా వాదన అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. కాని వాదనకు ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను తెలుగు పండితుడిని. ముప్పై అయిదేళ్ళు ఎర్ర సిరాతోనే బ్రతికాను. 1990వ దశకం మధ్యలో ఒక జిల్లా కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో ఉండగా ఎనిమిదవ తరగతికి ‘మా ఇంటి పెంపుడు జంతువు’ అని వ్యాసం ఇచ్చాను. అందరూ యథావిధిగా ఆవు సాధుజంతువని రాసుకొచ్చారు. ఒక్క కుర్రవాడు మాత్రం ఇలా మొదలుపెట్టాడు: చిన్నోడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చాడు, అన్నం తినలేదు, నాన్న కూడా తినలేదు. ఎవరీ చిన్నోడు, తమ్ముడా అనుకుంటూ చదివితే పోలీసు శాఖ వారి కుక్క. తండ్రి జాగిలాల దళంలో కానిస్టేబులు, దాని శిక్షకుడు. రికార్డులో దానికి ఏదో ఇంగ్లీషు పేరున్నది. ఇంట్లో పిలుపు మాత్రం చిన్నోడు.

నేను ‘వచ్చాడు’ను కొట్టివేసి ‘వచ్చింది’ అని దిద్దాను. ‘తినలేదు’ రెండింటికీ సరిపోతుంది గనుక బతికిపోయింది. పుట మొత్తం మీద ఇరవైకి పైగా దిద్దుబాట్లు. మార్జినులో ‘తిర్యక్కులు అమహత్తులు’ అని కూడా రాశాను, ఎనిమిదవ తరగతి పిల్లవాడికి! చిన్నయసూరి గారి లెక్కలో జంతువులూ, రాళ్ళూ రప్పలూ ఒకే గంపలోవి. ‘అది’ అనవలసిందే. వ్యాకరణం ప్రకారం నేను చేసినది ఒప్పు. అప్పటికి నాకు అంతే తెలుసు.

వారం తిరగకుండా తండ్రి బడికి వచ్చాడు. పోట్లాటకు కాదు, మార్కులు తగ్గాయేమని అడగడానికి. వ్యాసం చూపించాను. ఎర్ర గీతలన్నీ ఓపికగా చూసి, “మా వాడు తప్పు రాశాడండీ మాస్టారూ. ఇంట్లో మేమందరం అట్లాగే అంటాం, అదే అలవాటయింది,” అన్నాడు. మర్యాదకు కుక్క ఏం పనిచేస్తుందని అడిగాను. అడగకుండా ఉండవలసినదేమో, గంటసేపు కదలనివ్వలేదు. ఆ గంటలో నేను నేర్చుకున్నది నా భాషాప్రవీణ పట్టాలో లేదు.

పోలీసు కుక్కలు అన్నీ ఒకటి కావు. నేరస్థలంలో వాసన చూసి దొంగ జాడ వెంట పరుగెత్తేవి వేరు, పేలుడు పదార్థాలను పట్టేవి వేరు, మత్తుపదార్థాలను పట్టేవి వేరు. చిన్నోడు రెండవ రకం. ఏజెన్సీ రోడ్ల మీద జీపుల కంటే ముందు వాడే నడవాలి. కల్వర్టు వచ్చిందంటే జీపులు ఆగుతాయి, అధికారులు ఆగుతారు, శిక్షకుడూ వాడూ మాత్రం ముందుకు వెళతారు. మందుపాతర ఉన్నదా లేదా అన్నది వాడి ముక్కు చెప్పాలి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలైతే కుక్కలలో జాతిని బట్టి 20 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయట. వంటింట్లో సాంబారు కాగుతున్నదని మనకు తెలిస్తే, అందులో ఏయే దినుసులు పడ్డాయో వాటికి విడివిడిగా తెలుస్తుందన్నమాట.

వాసన తగిలినప్పుడు పేలుడు పదార్థాల కుక్క మొరగకూడదు. గోళ్ళతో గీరకూడదు, నోటితో ముట్టకూడదు. దేనిని కదిలిస్తే ఏమవుతుందో తెలియదు గనుక. చడీచప్పుడు లేకుండా అక్కడ కూర్చోవాలి. అంతే. కూర్చుని శిక్షకుడి ముఖం వంక చూడాలి. అప్పుడు అతడు దానిని వెనక్కి పిలిచి జేబులోంచి ఒక రబ్బరు బంతి తీసి విసురుతాడు. “వాడికి బాంబంటే ఏంటో తెలీదండీ మాస్టారూ. బంతంటే తెలుసు. ఆ వాసన దొరికితే నాన్న బంతి ఇస్తాడు, అంతవరకే వాడికి తెలుసు,” అన్నాడు. తనను తాను కుక్కకు నాన్ననని ఆ మనిషి ఏ సంకోచమూ లేకుండా అనేశాడు.

ఎండలో పని చేయించడం చాలా కష్టమట. వేడికి రొప్పడం మొదలుపెడితే నోటితోనే గాలి పీలుస్తుంది, ముక్కు పనిచేయదు. ఇరవై, ముప్పై నిమిషాలకు ఒకసారి నీడకు తీసుకుపోయి నీళ్ళు తాగించాలి. మంత్రిగారి కాన్వాయ్ ఆలస్యమవుతున్నదని పై అధికారులు కేకలేస్తున్నా ఇతడు గొడుగు పట్టుకుని కుక్క పక్కన నిలబడేవాడట. “నాకు మెమో ఇస్తే ఇచ్చారు. రొప్పుతున్న కుక్క లేదని చెప్పినా నమ్మకూడదండీ. అది తప్పు చెప్పడం కాదు, దానికి వాసన రావట్లేదంతే.”

ఈ మాట విన్నప్పటినుంచి వార్తలలో ‘పోలీసు జాగిలం’ అన్న పదం కనబడినప్పుడల్లా ఆగి చదువుతాను. పత్రికలవారు కాపాడిన మంచి పదాలలో అదొకటి. మన ప్రబంధకవుల వేట వర్ణనలలో జాగిలాలు ఎన్ని పరుగులు తీశాయో! కవులకు జాగిలం వేటలో గొప్పది. శతకకారుడి దగ్గరకు వచ్చేసరికి అదే కుక్క కనకపు సింహాసనం మీద కూర్చోబెట్టినా బుద్ధి మారని నీచజంతువు. సుమతీ శతకంలోని ఆ పద్యాన్ని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. చెప్పేటప్పుడు పిల్లలందరూ నవ్వుతారు. ఆ సంవత్సరం మాత్రం ఒక పిల్లవాడు నవ్వలేదు. నవ్వకపోగా, “సార్, చిన్నోడిని సింహాసనం మీద కూర్చోబెడితే ముందు దాని కింద బాంబుందేమో చూస్తాడు,” అన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేను కసురుకున్నాను. ఇప్పుడైతే ఆ సమాధానానికి పదికి పది వేస్తాను.

మన వాఙ్మయంలో కుక్క అనగానే అందరూ ధర్మరాజు వెంట నడిచిన దానిని చెబుతారు. నాకు ఆ కథ మీద కొంచెం ఫిర్యాదు ఉన్నది. చివరికి అది కుక్క కాదు, యమధర్మరాజు. నిజమైన కుక్కయే అయి ఉంటే స్వర్గద్వారం దగ్గర ఏమయ్యేదో మనకు తెలియదు. నాకు నచ్చినది సరమ. ఋగ్వేదం పదవ మండలంలో పణులు అపహరించిన గోవులను వెతకడానికి ఇంద్రుడు పంపిన ఆడకుక్క ఆమె. జాడ పట్టుకుని రసానదిని దాటి వెళ్ళింది. దొంగలు ఆమెను చెల్లెలిని చేసుకుంటామన్నారు, ఆవులలో వాటా ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. నేరస్థులిచ్చే లంచాన్ని తిరస్కరించిన మొదటి పోలీసు జాగిలం అని నేను పిల్లలకు చెప్పేవాడిని. బృహద్దేవతలో ఈ కథ తిరగబడి, సరమ పణులిచ్చిన పాలు తాగి ఇంద్రుడికి అబద్ధం చెప్పిందంటారు. సర్వీసు చివరిలో ఎవరో ఆరోపణ చేసి ఉంటారు, మన ఉద్యోగులకు తెలియని విషయమా!

సరమ సంతానం గనుకనే కుక్కకు సారమేయమని పేరు. ఆ సారమేయంతోనే మన భారతకథ మొదలవుతున్నదని ఎందరు గమనిస్తారు? జనమేజయుడు సత్రయాగం చేస్తూ ఉండగా అక్కడికి వచ్చిన సరమ కొడుకును రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, చూడనైనా లేదు. తల్లి వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని సభలో అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పుడు ఆమె, మీకు కనబడని భయం వచ్చి పడుతుందని శపించింది. రాజు హడలిపోయి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. నన్నయగారు తెనిగించిన ఈ ఘట్టాన్ని నేను చెప్పేటప్పుడు ‘అదృష్టభయం’ అంటే ఏమిటని అడిగేవారు. కనబడని భయమంటే ఏదో ఆ కానిస్టేబులుకు బాగా తెలుసు. కల్వర్టు కింద ఉండేది అదే కదా.

చిన్నోడికి తొమ్మిదో ఏడు వచ్చేసరికి వెనక కాళ్ళు పట్టేశాయి. పశువైద్యుడు చూసి ఇక పనికి రాదని రాసిచ్చాడు. శిక్షకుడు తనకు ఇచ్చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ మీద అర్జీ. విరిగిన కుర్చీలు, పాత జీపు టైర్లు ఉన్న దస్త్రంలోనే చిన్నోడి కాగితమూ ఉన్నదట, ‘సేవకు పనికిరాని సామగ్రి’ కింద. అక్కడ నాకు వ్యాకరణం మళ్ళీ గుర్తుకు వచ్చింది. తిర్యక్కునూ జడాన్నీ ఒకే గంపలో వేసింది నేనొక్కడినే కాదు. దస్త్రం తేలేలోపల అతడికి మరో జిల్లాకు బదిలీ అయింది. కుటుంబంతో వెళ్ళిపోయాడు. కుక్కను ఊరి బయట మామిడితోట ఉన్న ఒక ఆసామికి కాపలాకని ఇచ్చారు.

నెల తిరగకుండా ఆ ఆసామి ఊరంతా చెప్పుకోవడం మొదలుపెట్టాడు, “పోలీసు కుక్కంటే ఏమో అనుకున్నాను, ఒక్కసారి మొరగదు, దొంగ వచ్చినా కూర్చుని చూస్తుంది,” అని. ఎనిమిదేళ్ళు మొరగవద్దని నేర్పించి, తొమ్మిదో ఏట మొరగలేదని తిట్టడం! దాని పని ఏమిటో చెప్పి అప్పగించినవాడు ఒక్కడూ లేడు.

ఆ ఏడు దీపావళికి మా బడి మైదానంలోనే బాణసంచా దుకాణాలు వేశారు. చీకటి పడబోతున్న వేళ మా అమ్మాయితో కలిసి వెళ్ళాను. మూడవ దుకాణం ముందు జనం గుమికూడి నవ్వుతున్నారు. తాడు తెంపుకుని వచ్చినట్టున్నాడు చిన్నోడు, మెడకు తాడు ముక్క వేలాడుతున్నది. సీమటపాకాయల పెట్టెల ముందు నిటారుగా కూర్చున్నాడు. దుకాణంవాడు నీళ్ళు చల్లాడు. కదలలేదు. కర్రతో ఒకటి వేశాడు. లేచి, కుంటుతూ రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. ఒక్కొక్కరి ముఖం వంకా చూస్తున్నాడు.

ఎందుకు చూస్తున్నాడో ఆ మైదానంలో నాకొక్కడికే తెలుసు. తుపాకిమందు వాసన దొరికింది. వాడి వంతు పని అయిపోయింది. ఇక బంతి రావాలి.

నేను నోరు తెరవలేదు. ఆ జనం మధ్యలో ఒక తెలుగు మాస్టారు కుక్క తరఫున మాట్లాడితే ఏమనుకుంటారో అనిపించింది. సరమ అడిగినప్పుడు జవాబు చెప్పని సభలో నేనూ ఒకడినయ్యాను. మా అమ్మాయికి కాకరపువ్వొత్తులు కొనిపెట్టి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు వాదనకు వస్తాను. 2001లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు పోలీసు కుక్కల సాక్ష్యం గురించి చెప్పింది. కుక్క పొరబడవచ్చు, దానిని నడిపేవాడు పొరబడవచ్చు, దాని ప్రవర్తనకు మనం తప్పు అర్థం చెప్పుకోవచ్చు, కనుక దర్యాప్తుకు వాడుకోండి గాని న్యాయస్థానం దానికి పెద్ద విలువ ఇవ్వలేదని దాని సారాంశం. నాకు ఈ మాట సబబుగానే తోచింది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చే చోట కుక్క మాటను అంతిమమని అనుకోకూడదు. కాని ఇదే ప్రభుత్వం కల్వర్టు దగ్గర ఆ కుక్క మాట మీదనే జీపులను పోనిస్తుంది. వేదిక మీద అది కూర్చోలేదు గనుకనే మంత్రులు కూర్చుంటారు. 2016లో కృష్ణా పుష్కరాలకు వెళ్ళినప్పుడు ఘాట్ల మెట్ల మీద జాగిలాలు మా సంచులను వాసన చూసి పోతూ ఉంటే, మేమందరం నిశ్చింతగా సంకల్పం చెప్పుకున్నాము. అంత నమ్మకం ఉంచినదానికి చివరి మూడు నాలుగేళ్ళ గంజి పోయలేమా?

ఈ మాట అంటే నా పాత సహోద్యోగి ఒకాయన మండిపడ్డాడు. “మా అబ్బాయికి సీపీఎస్, వాడికే గ్యారంటీ పింఛను లేదు, నువ్వు కుక్కలకు పింఛను అంటావా?” అని. 2004 తరువాత చేరిన ఉద్యోగుల బాధ నాకు తెలియనిది కాదు, ఆయన కోపంలో న్యాయమున్నది. కాని ఆయన కొడుకుకు సంఘమున్నది, ఓటున్నది, ధర్నా చేసే నోరున్నది. కుక్క ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోలేదు. జీతం తీసుకోలేదు. మనం తీసుకువచ్చి నేర్పించి వాడుకున్నాము. ఇక ఖర్చు సంగతి. ఉద్యోగంలో ఉండగా దాని తిండికి, మందులకు ప్రభుత్వం డబ్బు ఇస్తూనే ఉన్నది. ఆ తిండినే చనిపోయేదాకా కొనసాగించమని అడుగుతున్నాను, కొత్త పద్దు కూడా అక్కరలేదు.

సైన్యం ఇంకా కఠినంగా ఉండేది. పనికిరాని కుక్కలను మందు ఇచ్చి చంపేవారన్న సంగతి 2015లో ఒక సమాచారహక్కు దరఖాస్తుకు వచ్చిన సమాధానంతో దేశమంతా తెలిసింది. గగ్గోలు పుట్టి, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. ఈమధ్య సైన్యమే వాటిని దత్తత ఇస్తున్నది. అంటే అడిగితే మారుతుందన్నమాట. ఢిల్లీ మెట్రో కాపలా చూసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంవారు 2019లో తమ కుక్కలకు వీడ్కోలు సభ జరిపి ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించారు. అదే సంవత్సరం కేరళ పోలీసులు త్రిశ్శూరులోని తమ అకాడమీలో విరమించిన కుక్కలకు ఒక వసతి కట్టించారు. దానికి ‘విశ్రాంతి’ అని పేరు. మనకు అనువాదం కూడా అక్కరలేని పేరు!

హైదరాబాదు పక్కన మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉన్నది. ఇతర రాష్ట్రాలవారు కూడా తమ కుక్కలను అక్కడికి పంపుతారు. శిక్షణ ముగిసిన రోజున కవాతు జరుపుతారు, పతకాలు ఇస్తారు, పత్రికలలో బొమ్మలు వస్తాయి. చేరేటప్పుడు జరిగినంత వేడుక వెళ్ళేటప్పుడు జరగనక్కరలేదు. విరమించిన కుక్క మీద మొదటి హక్కు దాని శిక్షకుడిదే కావాలి, వేలమూ అర్జీలూ లేకుండా. అతడి క్వార్టరులో చోటు లేకపోతే, బదిలీ అయితే, ఆ కుక్క తిరిగి శిక్షణకేంద్రానికి చేరాలి. కాపలాకని తెలియని చేతులకు మాత్రం ఇవ్వకూడదు. దండలు, శాలువాలు నాకు అక్కరలేదు. నా విరమణనాడు కప్పిన శాలువాలు ఆరు బీరువాలో ఉన్నాయి, ఒక్కటీ చలికి ఆగదు.

ఇక మొదట చెప్పిన ఆ విశ్వాసం సంగతి. కుక్క విశ్వాసాన్ని పొగుడుతూ మనిషిని తిట్టే వాక్యంలో ఒక సౌకర్యం ఉన్నది. పొగిడి ఊరుకోవచ్చు, ఏమీ చేయనక్కరలేదు. చిన్నోడిది విశ్వాసమని కూడా నేను అనలేను. అది ఒక పొత్తు. నేను వాసన చూపిస్తాను, నువ్వు బంతి ఇస్తావు. వాడు తన మాట నిలబెట్టుకున్నాడు.

దీపావళి వెళ్ళిన ఆదివారంనాడు బజారులో ఒక రబ్బరు బంతి కొన్నాను. మిగిలిపోయిన సీమటపాకాయల పొట్లం ఒకటి జేబులో వేసుకుని సైకిలు మీద ఆ మామిడితోటకు వెళ్ళాను. కాపలావాడు నన్ను వింతగా చూశాడు గాని ఏమీ అనలేదు, వాడి కొడుకు కూడా మా బడిలోనే చదువుతున్నాడు. పొట్లాన్ని ఒక చెట్టు మొదట్లో ఆకుల కింద పెట్టి, కుక్క తాడు పట్టుకుని తోటంతా తిప్పాను. నాకు ఆజ్ఞలేమీ తెలియవు. తాడు పట్టుకోవడం కూడా సరిగ్గా చేతకాలేదు. నేను నడిపించానో వాడే నన్ను నడిపించాడో. ఏడో ఎనిమిదో చెట్టు దగ్గర తల పక్కకు తిరిగింది. వెనక కాళ్ళు సహకరించక మెల్లగా, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. నా ముఖం వంక చూశాడు. బంతి విసిరాను. దగ్గరలోనే విసిరాను, కుంటివాడు కదా. తెచ్చుకుని నోట్లోనే ఉంచుకుని పడుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

సంక్రాంతి దాకా ఆదివారాలు వెళ్ళాను. తరువాత పబ్లిక్ పరీక్షల హడావుడిలో పడి మానేశాను. వేసవి సెలవులు మొదలైన వారంలో కాపలావాడు ఇంటికి వచ్చి కబురు చెప్పాడు. ఆ పిల్లవాడి తండ్రి చిరునామా బడి రికార్డులో వెతికి ఒక కార్డు రాశాను. ‘చిన్నోడు నిన్న తెల్లవారుజామున పోయాడు. బాధపడలేదట. బంతి దగ్గరే ఉన్నది.’